రెండు స్టీలు డబ్బాలు

ఆర్ట్ గ్యాలరీ అనగానే మీకేమనిపిస్తుందో గానీ, నాకు మాత్రం 'మనకెందుకొచ్చిన గొడవ' అనిపించేది. 2013 చలికాలంలో అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. "అమ్మా, వాషింగ్టన్‌లో మంచి ఎగ్జిబిషన్ పెట్టారు, వెళ్దాం రా" అంది. "నాకేం తెలుస్తాయే ఆ బొమ్మలు! మీరిద్దరూ వెళ్ళిరండి, నేను పప్పు రుబ్బి ఉంచుతాను" అన్నాను. వింటేనా!

అక్కడి స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో 'అవర్ అమెరికా' పేరుతో ఆ ఏడు అక్టోబరు నుంచి 2014 మార్చి దాకా జరిగిన ప్రదర్శన అది. మెక్సికో, క్యూబా, ప్యూర్టోరికో లాంటి చోట్ల మూలాలున్న 72 మంది అమెరికా కళాకారులవి 92 కళాఖండాలు పెట్టారు. వీళ్ళందరినీ కలిపి లాటినోలు అంటారు. మెక్సికో మూలాలవాళ్ళలో కొందరు తమను చికానోలమని చెప్పుకుంటారు. ఒకప్పుడు అది తక్కువచేసి పిలిచే మాటట. 1960ల ఉద్యమంలో వాళ్ళే దాన్ని గర్వంగా తమ పేరు చేసుకున్నారు.

నన్ను మొదట ఆపింది, నిజం చెప్పొద్దూ, కిస్మిస్ ప్యాకెట్టు! ప్యాకెట్టు మీద నవ్వుతూ ద్రాక్షపళ్ళ బుట్ట పట్టుకోవాల్సిన అమ్మాయి బదులు ఎర్ర టోపీ పెట్టుకున్న అస్థిపంజరం ఉంది. 'సన్ మ్యాడ్' అనే ఆ బొమ్మ ఎస్టర్ హెర్నాండెజ్ 1982లో చేసింది. ఆవిడది కాలిఫోర్నియాలో పొలం కూలీల కుటుంబం. తోటలకు కొట్టిన మందులు తమ ప్రాంతపు నీళ్ళల్లో కలిశాయని తెలిసి, ఆ కడుపుమంటతో వేసింది. ఎన్నేళ్ళుగా పరమాన్నంలో కిస్మిస్ వేస్తున్నానో! ఆ పళ్ళు కోసిన చేతుల గురించి ఒక్కసారైనా ఆలోచించానా?

ఇంకాస్త ముందుకెళితే ఒక అలంకారాల బల్ల. అద్దాలు, లేసు గుడ్డలు, ఫ్రేము కట్టిన ఫొటోలు, ఎండిన పూలు, ఆడవాళ్ళు వాడుకునే చిన్నా చితకా వస్తువులు. అమాలియా మెసా బెయిన్స్ 1984లో చేసి, 1991లో మళ్ళీ మార్చి కూర్చింది. మెక్సికో నుంచి వచ్చి హాలీవుడ్‌లో వెలిగిన సినీతార డొలోరెస్ డెల్ రియో జ్ఞాపకార్థమట. పోయినవాళ్ళ కోసం వాళ్ళ ఇళ్ళల్లో ఇలా పీట అలంకరించి, ఇష్టమైనవి పెడతారు. దాన్ని 'ఒఫ్రెండా' అంటారు. అంటే సమర్పణ. ఇంట్లో ఆడవాళ్ళ చేతుల మీదుగా నడిచే ఆ పనినే ఆవిడ మ్యూజియంలోకి తెచ్చింది.

ఆ అద్దం ముందు నాకు కాళ్ళు కదల్లేదు. మా అత్తయ్యగారు గుర్తొచ్చారు.

ఆవిడ పుణ్యస్త్రీగా వెళ్ళిపోయారు. నెల తిరక్కుండానే పెట్టె సర్దింది నేనే. చీరలు పంచేశాను. ఇత్తడి కుంకుమ భరిణె, చేతి అద్దం చట్రం, చిన్న చెంబు స్టీలు సామాన్లవాడికి వేసేశాను. బదులుగా రెండు స్టీలు డబ్బాలు వచ్చాయి. మంచి బేరమని సంబరపడ్డాను కూడా!

"ఏమ్మా, నచ్చలేదా?" అంది మా అమ్మాయి. "నచ్చకేం" అని కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఆ మ్యూజియం వాళ్ళదే ఇంకో బొమ్మ చూపించింది. టెక్సాస్‌లో పుట్టిన కార్మెన్ లోమాస్ గార్సా 1985లో వేసినది. రాత్రిపూట ఇంటి కప్పు మీద కూర్చుని అక్కచెల్లెళ్ళు ఆకాశం చూస్తుంటారు. కింద గదిలో వాళ్ళమ్మ పక్కలు వేస్తూ ఉంటుంది. బొమ్మ పేరు 'కలల కోసం పక్కలు'. పక్క వేసే అమ్మను కూడా బొమ్మలో పెట్టాలని ఆ కూతురికి తోచింది చూశారా!

తిరిగొచ్చాక మావారికి భరిణె సంగతి చెప్పాను. పేపరు పక్కన పెట్టి, "అది మా అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది" అన్నారు. అంతే. అన్నేళ్ళూ ఒక్క మాట అనలేదు మహానుభావుడు! అరిచినా బాగుండేది.

ఆ డబ్బాల్లో ఇప్పటికీ కందిపప్పు, మినప్పప్పు పోస్తున్నాను. మూత తీసిన ప్రతిసారీ ఆ భరిణె కళ్ళల్లో మెదులుతుంది.

మీ ఇంట్లో కూడా అటక మీద అలాంటివి ఉండే ఉంటాయి. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు తూకానికి వేసేముందు, అదెవరిదో ఇంట్లో ఒక్కసారి అడగండి. ఒక చిన్న చీటీ మీద ఆ పేరు రాసి లోపల పెట్టండి. గ్యాలరీ మనకెందుకు, మన అలమరలో ఒక అర చాలదూ!