పక్కింటి వెలుగు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. ఇంగ్లండులో కాపురముంటున్న మనవారు ఆ సామెతకు ముందు ‘అనుమతి అడిగి చూడు’ అన్న మాట కూడా చేర్చుకోవలసి ఉంటుంది. ఇంటి వెనుక ఒక్క గది కట్టుకోవడానికి మేము పడిన ప్రయాస ఇటువంటిదే.

మాది ఒకే గోడకు అటొకటి, ఇటొకటిగా ఉన్న జంట ఇళ్ళలో ఒకటి. పడక గదులూ, స్నానాల గదీ అన్నీ మేడమీదే. అమ్మ మోకాళ్ళు సహకరించడం మానేసి రెండేళ్ళయింది. పగటిపూట మెట్లెక్కవలసి వస్తుందని ఆమె మంచినీళ్ళు తాగడమే తగ్గించుకున్నదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన నాడు మాకు అన్నం సహించలేదు. కింద ఒక పడక గది, దానికి ఆనుకొని స్నానాల గది కట్టి తీరాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాము.

మన స్థలంలో మనం కట్టుకోవడానికి ఒకరిని అడగడమెందుకని మొదట అనిపించింది. కాని ఈ దేశంలో 1947 నాటి పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం 1948 జూలై 1న అమలులోకి వచ్చినది మొదలు, స్థలం మనదే అయినా కట్టడానికి అనుమతి కావాలి. చిన్న కట్టడాలకు మాత్రం మినహాయింపులున్నాయి. జంట ఇంటికి వెనుకవైపు మూడు మీటర్ల వరకు ఒక అంతస్తు కట్టడం సాధారణంగా ఆ మినహాయింపులోకి వస్తుంది. అంతకు మించి ఆరు మీటర్ల వరకైతే కౌన్సిలుకు ముందుగా తెలపాలి. కౌన్సిలువారు ఇరుగుపొరుగులకు లేఖలు వ్రాసి వారి అభిప్రాయం అడుగుతారు.

మాకు అయిదు మీటర్లు కావలసి వచ్చింది. ఇంటికి పడమటి పక్క మురుగు గొట్టాలు ఉన్నందున, నక్షా గీసినవారు గదిని తూర్పున, ఉమ్మడి గోడకు ఆనించి చూపించారు. మా పెరడు దక్షిణం వైపుంది. అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఆగ్నేయంలో పొయ్యి ఉండాలి గాని పెద్దవాళ్ళ మంచం ఉంటుందా నాయనా? నన్ను నైరుతిలో పడుకోబెట్టండి” అన్నది. నవ్వి ఊరుకున్నాము.

మూడు వారాలు తిరగక ముందే పక్కింటి పెద్దావిడ నుంచి అభ్యంతరం వచ్చింది. అటువంటి లేఖలు ఎవరైనా చదువుకోవచ్చు. తన వంటింటికి వెలుతురు పోతుందని ఆమె వ్రాశారు. అది చదివి మేము మండిపడ్డాము. పదకొండేళ్ళుగా చిరునవ్వుతో పలకరించిన మనిషి మనసులో ఇదా ఉన్నది, మన వంటల వాసనా, మన చుట్టాల రాకపోకలూ ఆమెకు గిట్టడం లేదు కాబోలు అని, లేఖలో లేని మాటలెన్నో మేమే చదువుకున్నాము. పరాయి దేశంలో ఉన్నవారికి ఆ అనుమానం త్వరగా పుడుతుంది. ఒక్కొక్కసారి అది నిజం కూడా అవుతుంది.

అమ్మ మాత్రం, “మీరు వెళ్ళి ఆమెకు ముందుగా చెప్పారా?” అని అడిగింది. చెప్పలేదు. మా సంకల్పం ఆమెకు తెలిసింది కౌన్సిలు లేఖ ద్వారానే.

ఆ ఆదివారం అమ్మను మెల్లగా నడిపించుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాము. ఆమె మమ్మల్ని వంటింట్లోనే కూర్చోబెట్టారు. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. దాని కింద చిన్న బల్ల, కళ్ళజోడు, సగం చదివిన పుస్తకం. మధ్యాహ్నపు ఎండ సరిగ్గా మేము గోడ లేపదలచిన వైపు నుంచే ఆ బల్ల మీద పడుతోంది. శీతకాలంలో నాలుగు గంటలకే పొద్దు గుంకే చోట ఆ వెలుగు విలువ వేరే చెప్పనక్కరలేదు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ఒక్క మాటే అన్నది: “మన చూరు నీళ్ళు పక్కింట్లో పడితే ఊళ్ళో ఊరుకునేవారా?” చూరు అంటే ఇంటి కప్పు అంచు. దాని నీళ్ళు మన స్థలంలోనే పడాలన్నది పల్లెల్లో పాత కట్టుబాటు.

పొరుగువారి కిటికీ మధ్య నుంచి 45 డిగ్రీల కోణంలో గీత గీసి, కొత్త కట్టడం దానిని దాటుతుందేమో చూడడం ఇక్కడ అనేక కౌన్సిళ్ళు పాటించే పద్ధతి. మా గోడ ఆ గీతను నిస్సందేహంగా దాటింది. దరఖాస్తు వెనక్కి తీసుకున్నాము. కొత్త నక్షాలో గది ఇంటి పక్కకూ వెనుకకూ కలిసేలా పడమటి మూలకు జరిగింది. దానికి పూర్తి స్థాయి దరఖాస్తు కావలసి వచ్చింది. మురుగు గొట్టం మీద కట్టడానికి నీటి సంస్థ అంగీకారం వేరే తీసుకోవలసి వచ్చింది. ఖర్చు పెరిగింది, అమ్మ మరొక శీతకాలం మెట్లెక్కింది. అది మా తొందరపాటుకు ఆమె చెల్లించిన మూల్యమని మాకు తెలుసు. ఈసారి పక్కింటి నుంచి అభ్యంతరం రాలేదు. ఎనిమిది వారాల గడువులోనే అనుమతి వచ్చింది. అమ్మ కోరిన నైరుతి మూల కూడా ఆమెకు దక్కింది.

ఇటువంటి పని తలపెట్టేవారికి మా అనుభవం నుంచి రెండు మాటలు. పొరుగువారి అభ్యంతరాలన్నీ చెల్లవు. ఇంటి ధర తగ్గుతుందనీ, దూరపు దృశ్యం కనబడదనీ అంటే కౌన్సిలు లెక్కలోకి తీసుకోదు. వెలుతురు పోవడం, ఒకరి ఇంట్లోకి మరొకరికి కనబడడం వంటివి మాత్రం తప్పక చూస్తుంది. అందుచేత నక్షా కౌన్సిలుకు చేరక ముందే దానిని పక్కింటి బల్ల మీద పరచండి.

గృహప్రవేశం నాడు అమ్మే పాలు పొంగించింది. పక్కింటావిడ వచ్చి పాయసం తాగి వెళ్ళారు. ఇప్పుడు అమ్మ మంచం పక్కన ఎప్పుడు చూసినా నిండు నీళ్ళ చెంబు ఉంటోంది. సాయంత్రానికి అది ఖాళీ అవుతోంది.