పైపూత

ఇనుమునకు అగ్నివలన భయము లేదు. సమ్మెట దెబ్బవలనను లేదు. ఆ రెండింటిచేతను అది పదును దేరి మనకు మఱింత యుపయోగపడును. దానికి చేటు తెచ్చునది కదలక నిలిచిన నీటిచుక్క. నీటితోడను గాలిలోని ప్రాణవాయువుతోడను గలిసి ఇనుము త్రుప్పుగా మాఱును. ఆ నీటిలో ఉప్పు కలసినచో ఈ మార్పు మఱింత వేగముగా జరుగును. అల్యూమినియముపై నేర్పడు పొర దానికి కవచమగును గాని, త్రుప్పు ఇనుమునకు కవచము కాజాలదు. అది తాను పుట్టిన లోహముకంటె అనేక రెట్లు చోటాక్రమించి, పొరలుపొరలుగా రాలి, లోపలి ఇనుమును మరల గాలికిని నీటికిని అప్పగించును.

ఈ సంగతి పాఠ్యపుస్తకములలో చదివినదే యైనను, నాకు నిజముగా బోధపడినది మా తండ్రిగారి కారువలన. వారు 1978లో కొనిన అంబాసిడరు బండి విశాఖపట్టణమున సముద్రమునకు అరమైలు దూరమున నలువదియేండ్లకు పైగా నున్నది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాగా, కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో తయారగుచుండిన యీ బండ్ల ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. మా తండ్రిగారు వైద్యులు. అర్ధరాత్రి కాన్పులకు ఆ బండిలోనే పోయెడివారు. ఆడుపిల్లకు బండి నడుపుట యెందుకని బంధువులు నవ్విన దినములలో నాకు స్టీరింగు నప్పగించినదియు ఆ బండిలోనే.

వారు గతించిన పిమ్మట బండిని అమ్మివేయుదమని తమ్ముడును నేనును నిశ్చయించుకొంటిమి. విజయనగరమునుండి ఉపాధ్యాయ దంపతులు వచ్చి చూచి, బేరము కుదుర్చుకొని, రంగు వేయించి యిండని మాత్రము కోరిరి. ముందరి అద్దము క్రిందిమూల, రబ్బరు బీడింగు ప్రక్కన, కందిగింజంత బొబ్బ యొకటి కలదు. వాన కురిసినపుడు కాళ్లక్రింది చాప తడియుచుండెను. అంతకుమున్ను కొన్నియేండ్ల క్రిందట, తండ్రిగారు మంచమెక్కియున్న కాలమున, ఒక వర్కుషాపువారు ఆ భాగమును బాగుచేసితిమని సొమ్ము పుచ్చుకొనియుండిరి.

టింకరింగు మేస్త్రీ వచ్చి, స్క్రూడ్రైవరు మొనతో ఆ బొబ్బను మెల్లగా నొత్తెను. మొన లోనికి దిగిపోయెను. "అమ్మా, ఇది పైపూతతో పోయే జబ్బు కాదండి" అని యతడు బీడింగు కోసి అద్దము నూడదీసెను. రబ్బరు చాటున వ్రేలిమందము పుట్టీ. దాని క్రింద రంధ్రములలో కుక్కిన వార్తాపత్రికల ముక్కలు. కాగితము నీటిని పట్టియుంచినది. రంగు దానిని ఆఱనీయలేదు. విప్పి వదలినచో ఎండకైన నారియుండెడి తడి, ఆ మఱుగున సంవత్సరముల తరబడి నిలిచి, జానెడు పొడవున రేకును జల్లెడ చేసివైచినది.

తమ్మునికి ఫోను చేసి చెప్పితిని. "అక్కా, కొనేవాళ్లు చూసేది రంగునే గదా. మళ్లీ పుట్టీ పెట్టించి ఇచ్చేయ్. పాత బండంటే అందరూ చేసేదదే" అనెను. అతడు దుర్మార్గుడు కాడు. మరమ్మతు ఖర్చుతో అమ్మకములో మిగులున దేమియు నుండదన్న అతని లెక్కయు తప్పు కాదు. కాని యీ బండికి లారీకివలె అడుగున విడిగా ఉక్కుచట్రము లేదు. ఒడలే దాని యెముక. అద్దమునకు ఇరుప్రక్కల నున్న స్తంభములును, వానిని కలుపు చట్రమును కప్పు బరువును మోయవలసినవి. బండి బోల్తాపడినచో ఆ కప్పుక్రింద నుండువారు ఉపాధ్యాయుల యిద్దఱు పిల్లలు. ఖర్చు నా వంతులో పట్టుకొమ్మని చెప్పి, కొనువారిని పిలిపించి, అద్దము లేని యా బండిని చూపితిని.

ఆ ఉపాధ్యాయిని రంధ్రములో వ్రేలుంచి చూచి కొంతసేపు మాటాడలేదు. "ఇది బాగవుతుందా?" అని మాత్ర మడిగెను. "అవుతుందమ్మా, నెల పడుతుంది" అని మేస్త్రీ యనెను. వారు ఆగుటకు సమ్మతించిరి గాని, ధర తగ్గించిరి. తమ్ముడు కొన్ని వారములు నాతో ముభావముగా నుండెను. నిజము చెప్పినవారికి వెంటనే లాభము కలుగునని నేను వ్రాయజాలను; నాకు కలుగలేదు.

మేస్త్రీ పని నేను దినమును పోయి చూచితిని. కుళ్లిన రేకును మాత్రమే గాక, దాని యంచుల వెంబడి మెఱయు లోహము తగులువఱకు కోసివైచెను. మిగిలిన సూక్ష్మమైన గుంటలలోని త్రుప్పుపై ఫాస్ఫారికు ఆమ్లము రాయగా, అది ఇనుప ఫాస్ఫేటుగా మాఱి నల్లబడెను. ఢిల్లీ మెహ్రౌలీ ఇనుపస్తంభము సుమారు 1600 సంవత్సరములుగా నిలిచియుండుటకు దాని ఇనుములోని హెచ్చు భాస్వరమువలన నేర్పడిన రక్షకపు పొర ముఖ్యకారణమని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యముగారు వివరించిరి. మా వీథిచివరి షెడ్డులోను భాస్వరమే ఇనుమునకు అండయైనది.

పిమ్మట అట్టముక్కతో కొలత తీసి, అదే మందముగల క్రొత్త రేకును కత్తిరించి అతికెను. ఒకేచోట వరుసగా అతికినచో వేడికి రేకు మెలిదిరుగును. అందుచేత ఇచటనొక చుక్క, అచటనొక చుక్క, నడుమ చల్లారుటకు విరామము. ఆపైన ఎపాక్సీ ప్రైమరు, అతుకులకు సీలరు. పుట్టీ యిప్పుడును వాడెను గాని, ప్రైమరు మీద, ఎగుడుదిగుడులు సవరించుటకు మాత్రమే, కాగితమంత పలుచగా. తప్పు పుట్టీయందు లేదు. ఇనుము చేయవలసిన పనిని దానిచేత చేయింపబూనుటలో నున్నది. కడపట క్రొత్త రబ్బరు గాడిలో త్రాడు చుట్టి, సబ్బునీరు రాసి, అద్దము నానించి, లోపలినుండి త్రాడు లాగగా రబ్బరు పెదవి చట్రముమీదికి దానంతట నెక్కెను. అరగంటసేపు గొట్టముతో నీరు కొట్టించి, లోపల చేయి తడిమి చూచి, చాప పొడిగా నున్నదన్న తరువాతనే యతడు చేతులు కడుగుకొనెను.

చదువరులారా! మన యిండ్లలోను ఇట్టి పూత లెన్ని? 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. కట్నమను పేరును మనవారిలో పెక్కుమంది విడిచిరి. "మీ పిల్లకు మీరు పెట్టుకొనునది" అను రంగు పూసిరి. పేరు లేనందున నిందయు లేదు, నింద లేనందున చికిత్సయు లేదు. బయటికి కనబడు త్రుప్పునైన ఎవరో యొకరు వ్రేలెత్తి చూపుదురు; రంగుచాటున నున్నది బిడ్డలు కూర్చున్ననాడు గాని తెలియదు. ఆ ముసలి మేస్త్రీ యెన్నడును సంఘసంస్కరణమను మాట పలికినవాడు కాడు. అయినను, అద్దము నూడదీయుటకు వెనుదీయకుండుట, మెఱయు లోహము తగులువఱకు కోయుట, నీరు పోసి పరీక్షించుట అను నీ మూడును లేక, మన సంస్కరణ మెంత చక్కని రంగైనను అది రంగే.