ఆదివారపు సూత్రధారుడు

1984 డిసెంబరు మాసంలో నేను బోస్టన్ నగరంలో ఒక వృద్ధురాలి ఇంట మేడమీద గది అద్దెకు తీసుకొని ఉండినాను. ప్రతి ఆదివారం రాత్రి ఆమె నన్ను క్రిందికి పిలిచేది; ఇద్దరమూ టెలివిజను ముందు కూర్చునేవారము. ముందుగా బాకాల సంగీతం వినవచ్చేది. దానిని కూర్చినవాడు పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి విద్వాంసుడు మూరే. ఇంగ్లీషు నాటకాన్ని అమెరికావారికి చూపుటకు ఫ్రెంచి బాకా ఊదడం నాకు వింతగా తోచేది. పిమ్మట తోలు కుర్చీలో అలిస్టర్ కుక్ ప్రత్యక్షమయ్యేవాడు. ఇంగ్లండులోని సాల్ఫర్డులో పుట్టి 1941లో అమెరికా పౌరుడైనవాడు. ఈ రెండు దేశాల నడుమ కూర్చుండుటకు అంతకన్న తగినవాడు దొరకడు.

'మాస్టర్‌పీస్ థియేటర్' అనే ఈ కార్యక్రమం 1971 జనవరిలో మొదలైనది. బ్రిటనులో తీసిన ధారావాహిక నాటకాలను బోస్టనులోని ప్రజా టెలివిజను సంస్థ తెప్పించి దేశమంతటికీ అందించేది. అందుకు ధనమిచ్చినది మొబిల్ చమురు కంపెనీ. సరుకును వచ్చినది వచ్చినట్లే చూపేవారు కారు. 'అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్' మొదటి రెండు వరుసలలో 26 భాగాలుండగా, 1974లో అమెరికావారు చూచినవి 13 మాత్రమే. సాంకేతిక సిబ్బంది వేతన వివాదం వల్ల రంగులలో పనిచేయుటకు నిరాకరించిన రోజులలో నలుపు తెలుపులుగా తీసిన భాగాలు ఇక్కడికి చేరలేదు. తెగినచోట అతుకు వేయడం కుక్ పని. బ్రిటనులో వ్యాపార ప్రకటనలకు విడిచిన నిమిషాలు ఇక్కడ ఖాళీగా మిగిలేవి. అవి కూడా అతనివే.

మన సంస్కృత నాటకాలలో సూత్రధారుడు ప్రస్తావన ముగించి తప్పుకుంటాడు. ఇతడు తప్పుకునేవాడు కాడు. అంకం ముగియగానే మరల వచ్చి, మనం చూచినదేమిటో మనకే చెప్పేవాడు. 1992 వరకు ఆ కుర్చీ అతనిదే.

ఆ చలికాలం చూపినది 'ది జ్యూయెల్ ఇన్ ది క్రౌన్'. పాల్ స్కాట్ వ్రాసిన నాలుగు నవలలను గ్రనాడా సంస్థ 14 భాగాలుగా తీసినది. కథ 1942లో, మయాపూర్ అనే కల్పిత పట్టణంలో మొదలవుతుంది. ఇంగ్లండులో పెరిగి, స్వదేశపు భాష రాక, ఇరుపక్షాలకూ పరాయివాడైన హరికుమార్‌ను చూచినప్పుడెల్లా నాకు గొంతు పట్టుకునేది. కుక్ మాటలలో తప్పు పట్టవలసినది కనబడలేదు. అదే నన్ను మరింత ఇబ్బంది పెట్టినది.

అతడు లేచిపోగానే ఆమె నావైపు తిరిగి, "అంతా ఇట్లాగే జరిగినదా?" అని అడిగేది. నేను ఉపన్యాసం ఆరంభించేవాడిని. ఆగస్టు 8న బొంబాయిలో తీర్మానం, మరునాటి తెల్లవారుజామున నాయకుల నిర్బంధం. తేదీలకు నా దగ్గర కరవు లేదు. నిజానికి నేను అప్పటికి పుట్టనే లేదు. మా నాన్నగారు ఆ ఏడు అరెస్టయి ఆరు నెలలు జైలులో ఉన్నారు. దానిని గురించి ఆయనను నేను ఒక్క ప్రశ్న అడిగి ఎరుగను.

సంక్రాంతి వెళ్లిన తరువాత ఉత్తరం వ్రాసినాను. మూడు వారాలకు జవాబు వచ్చినది. పప్పులో రాళ్లు, పక్కవాని దగ్గు తప్ప తనకేమీ గుర్తు లేదనీ, ఆ దొరలు మన కథ ఎట్లా చెప్పినారో మొదటినుండి వివరంగా వ్రాయమనీ నాన్నగారు ఆజ్ఞాపించినారు.

ఆ రాత్రే నీలిరంగు విమానపు ఉత్తరం ఒకటి తీసుకొని కూర్చున్నాను. మయాపూర్ ఎక్కడిది, స్కాట్ ఎవరు, ఈ నాటకం బోస్టనుకు ఎట్లా వచ్చినది, కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఎవరు అని వ్రాసేసరికి కాగితం మూడు వైపులా నిండినది. కథ ఇంకా మొదలు కాలేదు.