చెవిటివాని శంఖము

మొన్న మంగళవారము ప్రాతఃకాలమున, కాఫీ యింకను గొంతు దిగకమునుపే, నా పాత బుల్లెట్టు ఇంజనునుండి టిక్కుటిక్కుమని యొక సన్నని శబ్దము బయలుదేరెను. గోడగడియారము చేసినపుడు ముచ్చటగొలుపు ఆ ధ్వనియే ఇంజను చేసినచో గృహస్థునకు నిద్రపట్టదు. అయినను నన్ను బాధించినది శబ్దము కాదు, తీర్పు. అద్దాల గోడలు గల యొక వర్కుషాపులో, ఇస్త్రీ చొక్కా నలుగనీయని యువకు డొకడు బండికి మూడు గజముల దూరమున నిలిచి, వంగియైనను చూడక, "ఇంజన్ అయిపోయింది సార్, మార్చేయండి, దీనిమీద డబ్బు పెట్టడం దండగ" అనెను. నాడి పట్టకయే పాడె కట్టుమను వైద్యుని నే నంతకుమున్నెన్నడును చూచి యుండలేదు.

వినుటకు విద్య కావలెను. నాది పోతయినుప సిలిండరుగల 346 సి.సి. ఇంజను; క్రాంకు రెండు చుట్లు తిరిగిననే గాని అందు క్యాము ఒక్క చుట్టు తిరుగదు. కావున క్రాంకు రెండు చుట్ల కొక్కమారు సన్నగా టిక్కుమనునది చాలవరకు టాపెట్టు. చుట్టుచుట్టునకు బరువుగా అడుగునుండి గ్రుద్దునది బిగ్‌ఎండు. చల్లగా నున్నపుడు గలగలలాడి, వేడెక్కినకొలది సద్దుమణగునది బోరులో వదులైన పిస్టను. మొదటిదానికి స్పానర్లు చాలును. రెండవదానికి ఇంజను దింపవలెను. మూడవదానికి లేతుమీద బోరుచేయించి ఓవర్‌సైజు పిస్టను వేయించవలెను. క్రాంకుకేసే బాగుకాని విధముగా పగిలినపుడు గదా మార్పు మాట యెత్తవలసినది! అప్పుడైనను ఆర్.సి.లో ఇంజను నంబరు మార్పించుటకు రవాణా కార్యాలయపు మెట్లెక్కక తప్పదు.

విజయవాడ ఆటోనగరులో నాకు తెలిసిన మేస్త్రి యొకడుండెను. చిన్ననాడు చెవులు కారి కారి వినికిడి పోయినవాడగుటచే, "మేస్త్రీ, టిక్కుమంటోంది!" అని మనము గొంతు చించుకొన్నను చేయి యడ్డముగ నూపి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుమీదను, పిడిని చెవివెనుక నున్న యెముకమీదను ఆనించి, కన్నులు మూసికొనెడివాడు. పిమ్మట బండిని చల్లారనిచ్చి, పిస్టనును రెండు వాల్వులును మూతపడు తావున శిఖరమునకు తెచ్చి, కుడిప్రక్క టాపెట్టు మూతకున్న యొక్క నట్టును విప్పి, పుష్‌రాడ్డును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టి త్రిప్పెడివాడు. అది వ్రేళ్ళలో సులువుగా తిరుగవలెను, క్రిందికి మీదికి మాత్ర మాడరాదు. ఇంతకుమించిన కొలబద్ద అతని యెరుకలో లేదు. "పంచెకి అంచు ఊడితే పంచె పారేస్తామా బాబూ?" అని నవ్వి, టీ డబ్బులు మాత్రము పుచ్చుకొనెడివాడు.

చెవిటివాని ముందు శంఖ మూదినట్లను సామెత పుట్టించిన మహానుభావునిపై నాకు నాటినుండియు కోపము. దోష మంతయు 'ముందు' అను మాటలోనే యున్నది. శంఖమును ముందు నిలిచి యూదనేల? అతని యెముకకు ఆనించి యూదరాదా? కొందరకు చెవి త్రోవ మూతపడినను ఎముక త్రోవ తెరచియే యుండును. ఆ త్రోవ వెదకు నోపిక మనకు లేక, లోపమును వారిమీద వేసి, పైపెచ్చు దాని నొక సామెతగా చేసి బిడ్డలకు నేర్పుచున్నాము.

సాయంకాలము పని ముగిసినపిమ్మట మేస్త్రి తన కొట్టులోని కొయ్యపెట్టె రేడియోకు అదే స్క్రూడ్రైవరు మొన నానించి, పిడిని పండ్ల నడుమ కరచుకొని, ఘంటసాల పాట వినెడివాడు. దారిని పోవువారు పిచ్చివాడనుకొనెడివారు. చరణము ముగిసి పల్లవి తిరిగి వచ్చుచోట, పిడి వదలకయే, అతని పెదవులు రెండు ప్రక్కలకును సాగెడివి.