అనకాపల్లి బెల్లం నుంచి పిల్లల డబ్బాదాకా: ఓవెన్ అక్కర్లేని మూడు రకాల అచ్చులు

[దృశ్యం: రైలు కిటికీలోంచి చెరకు తోటలు, శారదా నది వంతెన]

విశాఖపట్నంలో రైలెక్కి చెన్నై వైపు వస్తుంటే, సుమారు 35 కిలోమీటర్ల దూరంలో అనకాపల్లి. ఈ రోజు మన ప్రయాణం ఇక్కడికే.

పిల్లల స్కూలు డబ్బాలోకి మూడు రకాల బార్లు చేయబోతున్నాం. ఓవెన్ వద్దు, మైదా వద్దు, పంచదార వద్దు. వంటింట్లో ఎప్పుడూ ఉండే వేరుశనగ గుళ్ళు, నువ్వులు, అటుకులు, ఖర్జూరం చాలు. మరి వంటకి ఇంత దూరం రావడం దేనికి అంటారా? ఖర్జూరం తప్ప ఈ సరుకులన్నీ విడివిడిగా గింజలే. వాటిని ముక్కగా పట్టి ఉంచేది పాకం. పాకం ఎక్కడ ఆపాలో తెలిసిన ఇంట్లో చిరుతిండికి ప్యాకెట్ మీద ఆధారపడే పనే ఉండదు. ఆ పాకం పట్టడమే బతుకుతెరువుగా ఉన్న ఊరు ఇది. వాళ్ళ దగ్గర చూసి, ఆ తర్వాత పొయ్యి వెలిగిద్దాం.

[దృశ్యం: మార్కెట్ యార్డులో వరసగా పేర్చిన బెల్లం దిమ్మలు]

దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. ఇక్కడి సరుకు మన రెండు రాష్ట్రాల్లోనే కాదు, ఒడిశా, పశ్చిమ బెంగాల్ దాకా వెళ్తుంది. కార్తీకం దాటాక గానుగాట మొదలైతే ఎండలు ముదిరేదాకా సీజనే. సంక్రాంతికి అరిసెలు వండని ఇల్లుండదు కాబట్టి, ఆ ముందు రోజుల్లో యార్డులో కాలు పెట్టడానికి చోటుండదు.

వ్యాపారులు దిమ్మ రంగు చూసి మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని విడదీస్తారు. లేత పసుపు రంగు దిమ్మకి ధర ఎక్కువ. నల్లగా ఉన్నదానికి తక్కువ. మనలాంటి కొనుగోలుదారులు తెలుసుకోవాల్సిన విషయం ఇక్కడే ఉంది. ఆ పసుపు కోసం కొన్ని చోట్ల చెరకు రసంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది. మనం తెల్లటి బెల్లమే కావాలని అడిగినంతకాలం ఆ అలవాటు పోదు. పిల్లలకి చేసే తిండికి ముదురు గోధుమ రంగు బెల్లమే కొనండి.

ఇంకో రెండు పరీక్షలు కూడా చూసుకోండి. దిమ్మని పగలగొట్టిన చోట చెమ్మ కారకుండా, సన్నటి పలుకులు మెరుస్తూ కనిపించాలి. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే తీపి వెనకాల ఉప్పదనం తగలకూడదు. కొట్టువాణ్ణి "పాకానికి పనికొచ్చే బెల్లం ఇవ్వండి" అని అడిగితే చాలు, ఏది ఇవ్వాలో అతనికి తెలుసు.

[దృశ్యం: ఊరి చివర గానుగ. పెద్ద పెనం, కింద మంట, పైన ఆవిరి]

యార్డు నుంచి పొలాల వైపు వచ్చాం. ఇది బెల్లం వండే చోటు. అటు పక్క క్రషర్‌లో చెరకు నలుగుతోంది. రసం ఇటు పెనంలోకి వస్తోంది. పొయ్యిలోకి తోస్తున్నది చూశారా? రసం తీసేశాక మిగిలిన చెరకు పిప్పే, ఎండబెట్టి అదే వంటచెరకుగా వాడతారు.

రసం కాగుతుంటే సున్నపు తేట కొద్దిగా వేస్తారు. మురికంతా మడ్డిగా పైకి తేలుతుంది. పొడుగు కాడ ఉన్న జల్లెడ గరిటెతో దాన్ని తీసి పారేస్తూ ఉండాలి. సున్నంతో పాటు బెండ మొక్కల జిగురు వేసి రసాన్ని శుభ్రం చేసే పాత పద్ధతి కూడా ఉంది. మడ్డి ఎంత బాగా తీస్తే బెల్లం అంత బాగుంటుంది. వంద కిలోల చెరకు గానుగాడితే చేతికొచ్చే బెల్లం సుమారు పది కిలోలే. మిగతాది పిప్పిగానో, ఆవిరిగానో పోతుంది.

[దృశ్యం: దగ్గరగా. గిన్నెలో చల్లటి నీళ్ళు, అందులో జారుతున్న పాకం చుక్క]

ఇప్పుడు మాత్రం కన్నార్పకుండా చూడండి. పెనం దగ్గర నిలబడ్డ ఈ పెద్దాయన చేతిలో థర్మామీటర్ లేదు. పక్కన గిన్నెడు చన్నీళ్ళు ఉన్నాయి. గరిటె అంచు నుంచి ఒక చుక్క పాకం నీళ్ళలో వదిలారు. చుక్క అడుగుకి చేరింది, చెదరలేదు. దాన్ని రెండు వేళ్ళతో పోగు చేసి ఉండ చుట్టారు. ఉండ నిలిచింది. వెంటనే పెనం దింపమని చెయ్యెత్తారు. నలుగురు కలిసి పెనాన్ని దింపేశారు. ఆ క్షణానికి లోపలి వేడి 118 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. ఇంకాస్త ఆలస్యమైతే అడుగంటి నల్లబడుతుంది. ముందే దింపితే దిమ్మ కట్టదు.

దీని వెనక ఉన్న సంగతి చాలా తేలిక. పాకంలో నీరు తగ్గేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. నీరు ఎంత తక్కువ మిగిలితే, చల్లారాక అంత గట్టిగా బిగుస్తుంది. చన్నీళ్ళలో వేసిన చుక్క మనకి ఆ గట్టిదనాన్ని ముందే చూపిస్తుంది. పెద్ద పెనానికైనా, మీ ఇంటి బాణలికైనా ఇదే పరీక్ష.

[దృశ్యం: పల్లెటూరి వంటిల్లు. పెద్దమ్మ, ఇద్దరు పిల్లలు]

ఇది మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు. వీళ్ళిద్దరూ మా అక్క పిల్లలు. పెద్దవాడు నాలుగో తరగతి, చిన్నది ఇంకా అంగన్‌వాడీకి వెళ్తోంది.

"పిన్నీ, చాక్లెట్ బార్ చేస్తావా?"

"దానికన్నా మంచిది చేద్దాం. ముందు చేతులు కడుక్కుని రండి."

మొదటిది వేరుశనగ, నువ్వుల అచ్చు. కొందరు చిక్కీ అంటారు, కొందరు పట్టీ అంటారు. కప్పు వేరుశనగ గుళ్ళు, పావు కప్పు నువ్వులు, ముప్పావు కప్పు తురిమిన బెల్లం, చెంచా నెయ్యి, రెండు యాలకులు.

గుళ్ళు సన్న సెగ మీదే వేయించాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. చల్లారాక అరచేతుల మధ్య నలిపి, చేటలో పొట్టు చెరిగేయండి. ఆ పని పిల్లలకి ఇవ్వండి, ఎంత ఇష్టంగా చేస్తారో! నువ్వులు చిటపటమనగానే దింపేయాలి.

బాణలిలో బెల్లం, రెండు చెంచాల నీళ్ళు. కరిగాక తప్పకుండా వడకట్టండి. ఎంత మంచి బెల్లమైనా అడుగున సన్నటి ఇసుక, పిప్పి నలక ఉంటాయి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి తిప్పుతూ ఉండండి. ఈ దశలో పిల్లలు పొయ్యికి దూరంగా ఉండాలి. పాకం చర్మం మీద పడితే నీళ్ళలా జారిపోదు, అతుక్కుని కాలుస్తుంది.

ఇప్పుడు చన్నీళ్ళ గిన్నె. మొదట వేసిన చుక్క కరిగిపోయింది. ఇంకా కాలేదన్నమాట. కాసేపాగి వేస్తే మెత్తటి ఉండ వచ్చింది. ఇది ఉండపాకం, గుర్తుపెట్టుకోండి, రెండో రకానికి ఇదే కావాలి. ఇంకొంచెం ఉంచుదాం. ఇప్పుడు వేసిన చుక్క నీళ్ళలో గట్టిపడింది. తీసి పళ్ళెం మీద వేస్తే టక్కుమంది, వంచితే విరిగింది. ఇది ముదురు పాకం. పొయ్యి కట్టేసి గుళ్ళు, నువ్వులు, యాలకుల పొడి, నెయ్యి వేసి గబగబా కలిపేయండి.

[దృశ్యం: నెయ్యి రాసిన పీట మీద వేడి మిశ్రమం, అప్పడాల కర్ర]

పీటకీ, కర్రకీ ముందే నెయ్యి రాసి పెట్టుకున్నాం. మిశ్రమాన్ని పోసి ఒత్తగానే చాకుతో గీతలు పెట్టేయాలి. చల్లారాక గీతలు పెడదామంటే ముక్కలు అడ్డదిడ్డంగా విరుగుతాయి. పావుగంటలో గీత వెంట విరిస్తే బార్లు చేతికొస్తాయి.

ఇది బడి పిల్లలకి కొత్త తిండేం కాదు. 2020 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో చిక్కీ కూడా ఇస్తున్నారు. దానికి తగిన కారణం ఉంది. వంద గ్రాముల వేరుశనగ గుళ్ళలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పొట్టుతో ఉన్న నువ్వుల్లో కాల్షియం పుష్కలం.

[దృశ్యం: చిన్నపాప చేతిలో అటుకుల గిన్నె]

రెండోది చిన్నపిల్లల కోసం. ఐదేళ్ళలోపు వాళ్ళకి గింజలు గింజలుగా పెట్టకండి, గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. గట్టి అచ్చు వాళ్ళ పళ్ళకీ కష్టమే. అందుకే ఇది మెత్తగా ఉంటుంది.

కప్పు పల్చటి అటుకులు కరకరలాడేలా వేయించి, చేత్తో నలపండి. అర కప్పు వేయించిన గుళ్ళు, పావు కప్పు పుట్నాలపప్పు, రెండు చెంచాల నువ్వులు కలిపి మెత్తగా పొడి కొట్టండి. పావు కప్పు ఎండుకొబ్బరి తురుము. వీటన్నిటికీ ముప్పావు కప్పు బెల్లం, పావు కప్పు నీళ్ళు.

పెద్దమ్మా, పాకం మీరే చూడండి.

"ఇదిగోనమ్మా, ఉండ చేతికొచ్చింది. దించెయ్యి."

చూశారుగా, పొద్దున గానుగ దగ్గర పెద్దాయన చేసిన పనే పెద్దమ్మ కూడా చేసింది. ఉండపాకం రాగానే ఆపేశాం. పొడులు, అటుకులు వేసి కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో అంగుళం మందాన అడుగు చదునైన గిన్నెతో ఒత్తేయండి. గోరువెచ్చగా ఉండగానే ముక్కలు కోయాలి. పొడిపొడిగా రాలిపోతుంటే పాకం చాల్లేదని అర్థం. రెండు చెంచాల వేడి పాలు చిలకరించి ఉండలు చుట్టేయండి, అప్పుడు మాత్రం ఆ రోజే తినేయాలి.

మూడోదానికి పొయ్యి కూడా వెలిగించం. ఇది పూర్తిగా పిల్లల వంట. గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు ఇరవై. గట్టిగా ఉంటే పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, తడి తుడిచేయండి. మిక్సీలో ముద్దగా తిప్పి, అందులో ముందే వేయించి కొట్టిన వేరుశనగ పొడి అర కప్పు, నువ్వులు, కొబ్బరి కలపండి. ఇక్కడ పాకం పని ఖర్జూరమే చేస్తుంది, దాని జిగురు చాలు. మిక్సీ మనం తిప్పుదాం, ఒత్తడం పిల్లలకి వదిలేద్దాం. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి ముక్కలు కోస్తే సరి.

[దృశ్యం: మూడు పళ్ళేల్లో మూడు రకాల బార్లు]

డబ్బాలో పెట్టేముందు నాలుగు మాటలు చెప్పాలి. బెల్లం కూడా చక్కెర జాతిదే. రోజువారీ శక్తిలో కలిపిన తీపి వాటా పది శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఆ లెక్కలోకి బెల్లమూ వస్తుంది. రోజుకి వేలెడు ముక్క ఒకటి చాలు, తిన్నాక నోరు పుక్కిలించమనండి. ఖర్జూరం ముక్కకైతే ఇది మరీ ముఖ్యం, పళ్ళకి అతుక్కుంటుంది.

వేరుశనగ పడని పిల్లలు ఉంటారు. మీ ఇంట్లో ఉంటే దాని బదులు పుట్నాలు, గుమ్మడి గింజల పొడి వాడండి. నువ్వులు కూడా కొందరికి పడవు. పిల్లలు డబ్బాలు పంచుకుంటారు కాబట్టి, తరగతిలో అలాంటి వాళ్ళెవరైనా ఉన్నారేమో టీచరుగారిని అడిగి తెలుసుకోండి.

సముద్రం దగ్గరున్న ఊళ్ళలో గాలిలో చెమ్మ ఎక్కువ. అచ్చులు బయట పెడితే సాయంత్రానికే జిగటగా అవుతాయి. పూర్తిగా చల్లారాకే గట్టి మూత ఉన్న డబ్బాలో వేయండి.

ఇక కొన్న బార్లంటారా? ప్యాకెట్ వెనక పదార్థాల వరుస చదవండి. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి రెండు మూడు పేర్లలోనే పంచదార, గ్లూకోజ్ సిరప్ ఉంటే, ముందు బొమ్మలో కనిపించే బాదంపప్పు లోపల ఎంత ఉందో మీకే తెలిసిపోతుంది. మన డబ్బాలో మాత్రం ఏం వేశామో ఈ పిల్లలిద్దరూ ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పగలరు.

[దృశ్యం: శంకరం దగ్గర బొజ్జన్నకొండ మెట్లు. ముందు పరిగెడుతున్న పిల్లలు]

మర్నాడు డబ్బా పట్టుకుని బొజ్జన్నకొండకి వచ్చేశాం. అనకాపల్లి పక్కనే, శంకరం ఊళ్ళో ఉంది. కొండరాతిని తొలిచిన బౌద్ధ గుహలు, గోడల మీద బుద్ధుడి శిల్పాలు. పక్కనున్న లింగాలకొండ మీద వరసగా రాతిలోనే చెక్కిన స్తూపాలు. పిల్లలకి గుహల్లో దూరి చూడటం ఒక సంబరం, మెట్లెక్కడం ఇంకో సంబరం.

మధ్యాహ్నం ఎండకి సంచిలో ఉన్న చాక్లెట్ అయితే ముద్దైపోయేది. డబ్బా తెరిస్తే అచ్చులు విడివిడిగా అలాగే ఉన్నాయి. అటుకుల ముక్కలు కాస్త మెత్తబడ్డాయి కానీ విరగలేదు. ఖర్జూరం ముక్కలు మాత్రం ఒకదానికొకటి అంటుకున్నాయి. వాటిని ప్రయాణాలకి తీసుకెళ్ళాలంటే ఒక్కో ముక్కనీ బటర్ పేపర్‌లో చుట్టండి, లేదా ఇంట్లో తినడానికే ఉంచుకోండి.

మనవాడు పక్కన కూర్చున్న ఇంకో పిల్లాడికి ముక్క ఇస్తూ, పాకం చుక్క నీళ్ళలో వేస్తే ఏమవుతుందో వివరంగా చెబుతున్నాడు. నేను కోరుకున్నది ఇదే. వంట చూసిన పిల్లలు తిండిని ప్రశ్నించడం, పోల్చుకోవడం నేర్చుకుంటారు.

ఈ ఆదివారం పాకం అక్కర్లేని ఖర్జూరం ముక్కలతో మొదలుపెట్టండి. ఆ తర్వాత వారం ఉండపాకం, చెయ్యి కుదిరాక ముదురు పాకం. మీ ఊళ్ళో దొరికే బెల్లం ఏ రంగులో ఉంది, పాకం ఎలా వచ్చింది, కామెంట్లో రాయండి. అనకాపల్లి వచ్చే వీలుంటే గానుగాడే రోజుల్లో పిల్లలతో రండి. బెల్లం వండేవాళ్ళ అనుమతి తీసుకుని, పెనానికి దూరంగా నిలబెట్టి చూపించండి.

మళ్ళీ ఇంకో ఊళ్ళో, ఇంకో వంటతో కలుద్దాం. ఉంటాను!