ఠలో చుక్క

మాది చిట్యాల దగ్గరి తండా. చదువు ఆపేశాక హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద దాబాలకు, లారీలకు పేర్లు రాసేవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. కుంచె వదిలి కంప్యూటర్ నేర్చుకున్నాను. ఇప్పుడు బోర్డులకు, శీర్షికలకు పనికొచ్చే తెలుగు ఫాంటును సన్నం నుంచి బాగా లావు దాకా ఐదు మందాల్లో గీస్తున్నాను.

లావు చేయడమంటే గీతకు ఇంకాస్త రంగు పూయడమే అనుకున్నాను మొదట. మా బడి బోర్డు మీది ‘ప్రాథమిక పాఠశాల’ను అన్నిటికంటే లావు అక్షరాల్లో ప్రింటు తీసి యాడికి చూపించాను. యాడి అంటే మా గోర్‌బోలిలో అమ్మ. పెద్దయ్యాక రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. వేలు పెట్టి చదువుతూ ‘ఠ’ దగ్గర ఆగిపోయింది. “దీని పొట్ట నిండిపోయింది కదరా, చుక్క ఏది?” అంది.

నిజమే. చుక్క పోతే ‘థ’ ‘ద’ అవుతుంది, ‘ఠ’ ‘ర’ లాగా కనిపిస్తుంది. బాగా చదువుకున్నవాళ్లు అలవాటుగా దాటేస్తారు. కూడబలుక్కుని చదివేవాళ్లకు ఆ చుక్కే ఆధారం.

ముంబయి ఎక్ టైప్ వాళ్ల ‘బలూ తమ్ముడు 2’ ఉచితంగా దొరుకుతుంది. 400 నుంచి 800 దాకా ఐదు మందాలున్నాయి. గీత లావయ్యే కొద్దీ లోపలి ఖాళీ ఏమవుతుందో అందులో చూస్తూ కూర్చున్నాను. తర్వాత నా ‘ఠ’ను వెడల్పు చేసి, బరువును బయటి వైపుకు నెట్టాను. చుక్క చుట్టూ తెలుపు మిగిల్చాను. వత్తులను పై అక్షరం కంటే సన్నగా ఉంచాను. నేను గీసేది రెండు కొసలే: అన్నిటికంటే సన్నం, అన్నిటికంటే లావు. రెండింటిలో బిందువుల సంఖ్య, వరస ఒక్కటిగా ఉంటే నడిమి మందాలను కంప్యూటర్ లెక్కగడుతుంది. వాటినీ కంటితో సరిచూసుకోవాలి.

ఆదిలాబాద్ వైపు గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికిప్పుడు ఫాంటు కూడా ఉంది. మేము గోర్‌బోలిని తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నాం. మన మాటను మోసే అక్షరాలను గీసే చేతుల్లో మన చేతులూ ఉండాలి కదా.

టీచర్లకు ఒక్క మాట. మీ బడి బోర్డును ఒకటో తరగతి పిల్లలతో చదివించి చూడండి. ఎక్కడ ఆగుతారో అక్కడ తప్పు పిల్లలది కాకపోవచ్చు.

రెండోసారి చూపిస్తే యాడి ఆగలేదు. “పాఠశాల” అని ఒక్క గుక్కలో చదివింది. ఇంకా వత్తులు చాలా మిగిలున్నాయి. అవీ ఆమెతోనే చదివించాలి.