ఫీజు లేదు, కానీ భాష కావాలి

రొయ్యల గుంటల మీద వచ్చిన డబ్బుతో పిల్లల్ని జర్మనీ పంపాలనుకునే మా చిల్లకూరు, గూడూరు వైపు తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే (బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టరుకు 1,500 యూరోలు). కానీ 2024 సెప్టెంబరు నుంచి వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేయాల్సింది 11,904 యూరోలు. అందులోంచి పిల్లల చేతికి నెలకు 992 అందుతాయి. మ్యూనిక్ లాంటి ఊళ్లో గది అద్దెకే చాలా భాగం పోతుంది.

డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు, అసలు కష్టం భాషతోనే. కోర్సు ఇంగ్లీషులోనే కదా అంటారు. క్లాసు వరకు సరే. అద్దె అగ్రిమెంటు, ఇన్సూరెన్సు వాళ్ల ఉత్తరం, చిరునామా నమోదు కాగితం, ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో అపార్ట్‌మెంట్ గోడకు అంటించిన నోటీసు, ఇవన్నీ దాదాపు జర్మన్‌లోనే ఉంటాయి. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చని 2024లో చట్టం సడలించినా, భాష రాకపోతే ఎక్కువగా దొరికేది గోడౌన్‌లో పెట్టెలు మోయడం, సైకిల్ మీద ఫుడ్ డెలివరీ. పోయాక నేర్చుకుంటారులే అనుకోవద్దు, పరీక్షలకూ పనికీ మధ్య ఆ తీరిక చిక్కడం చాలా కష్టం. కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందే పిల్లల్ని జర్మన్ క్లాసులో చేర్పించండి, కనీసం బీ1 స్థాయి దాకా చదివించండి.